బెడ్‌రూమ్ గోడకి బూజు: రంగుల ఖర్చు అడ్వాన్సులో కోయొచ్చా?

సీతమ్మధార అద్దె: విశాఖలో ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఎప్పుడూ ఇదే తగువు. బీరువా వెనక నల్లబూజుకి రంగుల ఖర్చు ఎవరిది?

వాల్తేరు ఓనరు: అద్దెకున్నవాళ్లదే. సముద్రపు గాలిలో తడి ఉంటుంది. కిటికీలు మూసి, తడిబట్టలు గదిలో ఆరేసి, బీరువా గోడకి ఆనిస్తే ఏ గోడైనా నల్లబడుతుంది. గోడకీ బీరువాకీ 4 అంగుళాల సందు ఉండాలి.

మధురవాడ మేస్త్రి: ముందు తడి ఎటునుంచి వస్తోందో తేల్చండి. బూజు గీకి, గోడ పొడిగా తుడిచి, అడుగు చదరం పాలిథిన్ కవరు నాలుగంచులా టేపుతో అతికించి 48 గంటలు వదలండి. గోడవైపు చెమర్చితే నీళ్లు గోడలోంచే. గదివైపు చెమర్చితే గాలిలో తడి. వానాకాలంలోనే చెయ్యాలి, ఏప్రిల్లో ఏమీ తేలదు. నేల నుంచి మూడడుగుల దాకా తెల్లగా ఉప్పు పొంగి పుట్టీ రాలుతుంటే అది బూజే కాదు, పునాదిలోంచి పాకిన నెమ్ము. కిటికీలు తీసినా పోదు.

వాల్తేరు ఓనరు: 4 అంగుళాల సందు సంగతి ఎవరూ ఎత్తరేం?

ఎంవీపీ కాలనీ: సందు వదిలితే మంచం పట్టదండీ.

ఉక్కునగరం: సందు పక్కన పెట్టండి. అక్టోబరు వాయుగుండం వాన ఏటవాలుగా కొడుతుంది. సన్‌షేడు గోడని కలిసేచోట, కిటికీ చౌకట్టు చుట్టూ సన్న పగులున్నా నీళ్లు లోపలికొస్తాయి. ఏసీ నీళ్ల గొట్టం గోడ మీదే కారుతోందేమో కూడా చూడాలి. ఆ మరకని పుట్టీతో కప్పి అద్దెకిచ్చేవాళ్లున్నారు. ఆస్తి బదిలీ చట్టం, 1882, సెక్షన్ 108 ప్రకారం, మామూలుగా చూస్తే కనబడని పెద్ద లోపం ఓనరుకి తెలిసుంటే ముందే చెప్పాలి.

వాల్తేరు ఓనరు: అదే సెక్షన్లో (ఎం) చదవండి. తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే అప్పగించాలి.

ఉక్కునగరం: వాడుకలో వచ్చే అరుగుదల మినహా అని కూడా ఉంది. ఆ ముక్క మింగేశారేం?

వాల్తేరు ఓనరు: మింగడమేటండీ, మర్యాదగా మాట్లాడండి. మండేది రంగుల డబ్బుకి కాదు. రెండు వానాకాలాలు చూస్తూ ఊరుకుని, తాళాలిచ్చే రోజున చూపిస్తారు. మొదటి మరకప్పుడే చెబితే పగులు కోసి పాలిమర్ మోర్టారు నింపితే సరిపోయేది. ఇప్పుడు ఇటుక కనబడేదాకా ప్లాస్టరు కొట్టాలి.

సీతమ్మధార అద్దె: చెబితే "నచ్చకపోతే ఖాళీ చెయ్యండి" అంటారు, 11 నెలలయ్యాక అగ్రిమెంటు మళ్లీ రాయరు. ఆ భయంతోనే నోరు మూసుకుంటారు.

మధురవాడ మేస్త్రి: అందుకే నోటితో చెప్పొద్దు. ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టండి, తేదీ దానికదే ఉంటుంది. ఓనరు చేయించాల్సిన మరమ్మతు, కబురు పెట్టినా తగిన గడువులో చేయించకపోతే, అద్దెదారే చేయించి వడ్డీతో సహా అద్దెలో పట్టుకోవచ్చని 108 (ఎఫ్). అగ్రిమెంటులో వేరేలా రాసుకుంటే మాత్రం అదే చెల్లుతుంది. ఇంకోటి, ముందు బయటి పగులు పూడ్చాలి. కొత్త ప్లాస్టరు మూడు నాలుగు వారాలైనా ఆరకుండా పుట్టీ పెడితే మళ్లీ ఉబ్బుతుంది.

వాల్తేరు ఓనరు: గోడవైపు చెమర్చితే ఖర్చు ఓనరుది. గదివైపైతే అడ్వాన్సులో కోత. అంతే.

సీతమ్మధార అద్దె: కవరు ఇద్దరి ఎదుటా అతికిస్తేనే.

ఎంవీపీ కాలనీ: మరి ఏప్రిల్లో ఖాళీ చేసేవాళ్ల సంగతేటండీ?