గార్డి సుగ్దుబ్ దాదాపు ఖాళీ అయింది. ఊరు మిగిలినట్టా, పోయినట్టా?

కడలి:
పనామా కరీబియన్ తీరంలో గార్డి సుగ్దుబ్ అనే చిన్న దీవి ఉంది. 2024 జూన్‌లో అక్కడి గూనా ఆదివాసీ కుటుంబాలు సుమారు 300, ఒడ్డున కట్టిన ఇస్బెర్‌యాల కాలనీకి మారాయి. సముద్ర మట్టం పెరుగుతోంది, తప్పలేదంటున్నారు. నా దృష్టిలో మనుషులు దక్కారు గానీ ఊరు పోయింది. పొద్దున్నే దోనెలో చేపలకో, ఎదుటి ఒడ్డున తోటలకో వెళ్లే బతుకు వాళ్లది. ఆకు కప్పు కింద తాత నుంచి మనవడి దాకా అందరూ పడుకునే ఊయలలూ పక్కపక్కనే. ఊరి పెద్దను సాయిలా అంటారు. సభా ఇంట్లో ఆయన ఊయలలో పడుకుని పూర్వీకుల కథ పాడతాడు, అర్గర్ అనే ఆయన దాన్ని మామూలు మాటల్లో విప్పి చెబుతాడు. సిమెంటు ఇళ్ల వరుసల్లో ఇదంతా ఎలా ఇముడుతుంది?

గట్టుమీద:
కడలి గారూ, ఒప్పుకోను. ఈ మార్పు ఎవరో నెత్తిన రుద్దింది కాదు. దీవిలో చోటు చాలక 2010లో వాళ్లే తలపెట్టారు. నాలుగు వందల మీటర్ల పొడవు కూడా లేని నేల మీద వెయ్యి మందికి పైగా ఉండేవారు. నేల పెంచుకోవడానికి పగడపు రాళ్లు తెచ్చి నీళ్లలో పోసుకున్నారు, అలల్ని ఆపే పగడపు దిబ్బే అలా తరిగిపోయింది. అసలు గూనాలు పూర్వం అడవి వైపు నుంచి దీవులకు వచ్చినవాళ్లే. ఆడవాళ్లు గుడ్డ పొరలతో కుట్టుకునే మోలా రవికెలు వేసుకోవద్దని, ముక్కుపోగులు తీసేయమని పనామా పోలీసులు వేధిస్తే 1925లో తిరగబడి నిలిచిన జనం. ఈ కాస్త నీళ్లు దాటితే తమని తాము మరిచిపోతారా?

ఉప్పాడ అమ్మాయి:
ఇద్దరికీ ఒక మాట. మా అమ్మమ్మ ఇల్లు సముద్రంలో కలిసిపోయింది. దాని బదులు మాకు ఇచ్చిన ఇల్లు గట్టిదే, కాదనను. కానీ అక్కడి నుంచి పడవ కనిపించదు. రాత్రి గాలి మారితే లేచి పడవను పైకి లాగాలి కదా! మామయ్యకు ఆ టెన్షన్‌తో నిద్రే ఉండేది కాదు, చివరికి పడవ దగ్గరే పడుకునేవాడు. వల ఆరేసుకునే చోటు గురించి మమ్మల్ని ఒక్కరూ అడగలేదు. అందుకే గార్డి సుగ్దుబ్‌లో ఇంకా ఉండిపోయిన కుటుంబాల్ని మొండివాళ్లని నేను అనలేను. వెళ్లాలా వద్దా అన్నది వాళ్లు తేల్చుకున్నారు, బాగుంది. కొత్త ఇంటి కొలతలు ఎవరు తేల్చారు? ఊయలలు ఎన్ని పడతాయో చూశారా? దోనెలు ఎక్కడ కట్టాలి, ఒడ్డు దాకా ఎంత నడవాలి? నేనైతే ముందు ఇవే అడుగుతాను.