డీహ్యూమిడిఫయర్‌లో గ్యాస్ ఇంట్లోనే నింపుకోవచ్చా?

ఎడిసన్ బేస్‌మెంట్:

అందరికీ నమస్కారం. మేం న్యూజెర్సీలో ఉంటాం. బేస్‌మెంట్‌లో గాల్లో తేమ లాగే మిషన్, రోజుకి 50 పింట్ల నీళ్లు తీసే డీహ్యూమిడిఫయర్ ఒకటుంది, కొని నాలుగేళ్లు దాటింది. పోయినేడు జూన్‌లో రోజుకి రెండుసార్లు బకెట్ పారబోసేవాణ్ణి. ఈ ఏడు రెండు రోజులకి గ్లాసుడు నీళ్లు కూడా రావట్లేదు. ఫ్యాన్ తిరుగుతోంది, కంప్రెసర్ గుర్రుమంటూనే ఉంది, తేమ మీటరు మాత్రం 74 శాతం నుంచి దిగట్లేదు. మెట్లు దిగుతుంటేనే ముక్కిపోయిన వాసన. మొన్న మా అత్తగారి పట్టుచీరల పెట్టె తెరిస్తే జరీ అంచు మీద తెల్లగా బూజు. ఇక నా పరిస్థితి మీరే ఊహించుకోండి.

గ్యాస్ అయిపోయిందని నా అనుమానం. వెనక స్టిక్కర్ మీద ఆర్-410ఎ, 6.7 ఔన్సులు అని ఉంది. కారు సామాన్ల షాపులో ఆర్-134ఎ డబ్బాలు దొరుకుతున్నాయి. ఒక వీడియోలో రాగి గొట్టానికి చిన్న వాల్వు బిగించి పది నిమిషాల్లో ఎక్కించేశాడు. అది తెచ్చి పట్టించేయొచ్చా? ఏటా వేసవికి ముందు కాయిల్‌ని వెనిగర్‌తో కడుగుతాను కాబట్టి మురికి వల్ల మాత్రం కాదు.

ఆస్టిన్ ఏసీ:

అన్నా, ఆ డబ్బా జోలికి వెళ్లకు. నేనిక్కడ ఏసీ పనే చేస్తాను. ఈపీఏ 608 సర్టిఫికెట్, అంటే ఇలాంటి గ్యాస్‌తో పని చెయ్యడానికి ఇక్కడి పర్యావరణ సంస్థ నిబంధన కింద ఉండాల్సిన సర్టిఫికెట్, లేకుండా ఆ గొట్టానికి కన్నం పెట్టడమే చట్ట విరుద్ధం, ఉన్న గ్యాస్ గాల్లోకి వదిలేయడం ఇంకో తప్పు. 410ఎ లాంటివి 2018 నుంచి సర్టిఫికెట్ ఉన్నవాళ్లకే అమ్ముతారు. కార్ల కోసం 134ఎ చిన్న డబ్బాలకి మినహాయింపు ఉంది, అందుకే నీకు షాపులో అదొక్కటే కనిపించింది. అది దీనికి పనికొస్తుందని కాదు.

చిన్న మిషన్లకి కావలసిన టైప్-1 పరీక్ష ఇంట్లో కూర్చుని పుస్తకం చూస్తూ రాసేయొచ్చులే. కానీ పాత గ్యాస్ లాగే రికవరీ మిషనూ, వ్యాక్యూమ్ పంపూ, తూకమూ, గొట్టాలు అతికే మంట టార్చీ కొనే డబ్బుతో కొత్తవి మూడొస్తాయి.

ప్లేనో నాన్న:

కొత్తది కొనుక్కోండి సార్. వీకెండ్ కలిసొస్తుంది.

కాకినాడ ఫ్రిజ్ మేస్త్రి:

బాబూ, నేను కాకినాడలో ముప్పై ఒక్క ఏళ్లు ఫ్రిజ్‌లూ ఏసీలూ బాగుచేశాను. ఇప్పుడు కొట్టు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. మీరు చెప్పే మిషన్లు మా వైపు తక్కువండి. ఒక ఫొటో స్టూడియో వాళ్లదీ, ఒక మందుల గొడౌను వాళ్లదీ విప్పిన గుర్తు. లోపల ఉన్నది మన విండో ఏసీయే. కాకపోతే చల్ల కాయిలూ వేడి కాయిలూ ఒకదాని వెనక ఒకటి, ఒకే ఫ్యాన్‌కి. గాలి ముందు చల్ల కాయిల్ దగ్గర నీళ్లు వదిలేసి, వేడి కాయిల్ మీదుగా బయటికొస్తుంది. అందుకని బాగున్న మిషన్ నుంచి వచ్చే గాలి గోరువెచ్చగా ఉండాలి. మీరు చెయ్యి పెట్టి చూశారో లేదో రాయలేదు.

గ్యాస్ 'అయిపోయింది' అన్నారు. స్కూటర్లో పెట్రోలు కాదండి, అది ఖర్చయ్యేది కాదు. లోపల తిరిగిందే తిరుగుతుంది. మా ఇంట్లో ఫ్రిజ్ 1994లో కొన్నాం, ఇప్పటిదాకా దానికి గ్యాస్ పట్టింది లేదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. ఆ కన్నం ఎక్కడుందో చూడకుండా గ్యాస్ ఎక్కించి డబ్బులు తీసుకునేవాళ్లు మా ఊళ్లోనూ ఉన్నారు. రెండు నెలలకి ఆ ఫ్రిజ్ మళ్లీ నా కొట్టు ముందు రిక్షాలోంచి దిగేది.

అసలు గ్యాసేనా కాదా అన్నది ముందు తేల్చుకోండి. ముందు గ్రిల్లూ ఫిల్టరూ తీస్తే చల్ల కాయిల్ కనిపిస్తుంది, అంతకు మించి విప్పక్కర్లేదు. లోపల కెపాసిటర్ ఉంటుంది, ప్లగ్గు పీకేసినా కొడుతుంది. ఫిల్టరు లేకుండా ఇరవై నిమిషాలు నడిపి టార్చిలైటు వేసి చూడండి. కాయిల్ నిండా మంచు కడితే గ్యాస్ మీద నింద వెయ్యకండి. గది 65 ఫారెన్‌హీట్ కంటే చల్లగా ఉండో, ఫ్యాన్ నెమ్మదించో అలా అవుతుంది. చల్ల కాయిల్‌లోకి గ్యాస్ వదిలే సన్నటి కేపిలరీ గొట్టం వచ్చి కలిసే చోట మొదటి రెండు మూడు వంపులకే మంచు పట్టి, మిగతా కాయిలంతా పొడిగా గది వేడిలోనే ఉంటే గ్యాస్ తక్కువని. ఎక్కడా చల్లదనమే లేకపోతే గ్యాస్ పూర్తిగా పోయి ఉండాలి, లేకపోతే కంప్రెసర్‌కి పంపింగ్ పోయి ఉండాలి.

ఇంక మీ కారు డబ్బా సంగతి. 80 ఫారెన్‌హీట్ వేడిలో 410ఎ సీసాకి గేజి పెడితే చదరపు అంగుళానికి 235 పౌండ్ల ప్రెషర్ చూపిస్తుంది. 134ఎ కి 87. ఆ పెద్ద ప్రెషర్‌కి సరిపడా చేసిన కంప్రెసరూ, కేపిలరీ పొడవూ ఈ చిన్న ప్రెషర్ గ్యాస్‌తో ఏం పని చేస్తాయి? పైగా లోపల మిగిలిన 410 తో కలిసి అదీ కాదు ఇదీ కాదు అవుతుంది. రేపు ఎవరైనా సరిగ్గా చేద్దామన్నా ఆ కల్తీ గ్యాస్ ఎవడూ తీసుకోడు.

6.7 ఔన్సులంటే 190 గ్రాములు. కిలో గ్యాస్ పట్టే స్ప్లిట్ ఏసీలో ఇరవై గ్రాములు అటూ ఇటూ అయినా నడిచిపోతుంది. మీ దాంట్లో ఇరవై గ్రాములంటే పదో వంతు పైనే. గేజి గొట్టాల్లో నిలిచిపోయేదే కొన్ని గ్రాములుంటుంది. చిన్న మిషన్లకి గేజి ముల్లు చూసి గ్యాస్ పట్టకూడదు, బంగారం కొట్టులో లాగా తూకం వెయ్యాలి.

సరైన పద్ధతి చెప్తాను, చేసుకోమని కాదు. పాత గ్యాస్ సిలిండర్‌లోకి లాగేస్తాం. కంప్రెసర్ పక్కన మూతి నొక్కేసి ఉన్న పొట్టి గొట్టం ఉంటుంది, దాన్ని కోసి పిన్ వాల్వు బ్రేజింగ్ చేస్తాం, అంటే మంటతో లోహం కరిగించి అతుకుతాం. నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురగ రాసుకుంటూ పోతే కన్నం దగ్గర బుడగ లేస్తుంది. ఒక్కోసారి అరగంటకి ఒక్క బుడగే, కళ్లు గుచ్చుకుని చూడాలి. అది మూశాక గొట్టంలో తేమ పీల్చే ఫిల్టర్ డ్రయ్యర్ మార్చి, లోపలి గాలీ తేమా పోయేలా పంపుతో వ్యాక్యూమ్ 500 మైక్రాన్ల (వ్యాక్యూమ్ కొలత) కిందికి లాగి నిలబడుతుందో లేదో చూసి, అప్పుడు సీసా తలకిందులు చేసి ద్రవంగా తూచి పోస్తాం. 410లో ఆర్-32, ఆర్-125 సగం సగం ఉంటాయి, ఆవిరిగా పోస్తే ఆ పాళ్లు తప్పుతాయని భయం. ఇన్ని పనుల్లో ఆ వీడియో ఆయన చేసింది ఆఖరిదొక్కటే, అదీ తప్పు గ్యాస్‌తో. ఆ బిగించే వాల్వులో రబ్బరు వాషరు ఉంటుంది. అది గట్టిపడ్డాక అదే ఇంకో లీకు.

ఒకవేళ మీ స్టిక్కర్ మీద ఆర్-32 అనో, ఆర్-290 అనో ఉండి ఉంటే ఇంత కూడా రాయను. అవి అంటుకుంటాయి. ఓసారి ఆర్-600ఎ ఫ్రిజ్‌కి లోపల గ్యాస్ పూర్తిగా పోయిందనుకుని అతికే మంట టార్చి పెట్టాను. భగ్గుమని ఒక్క మంట. కనుబొమ్మలూ సగం మీసమూ పోయాయి. నెల తర్వాత మా మేనకోడలి పెళ్లి. ఆ ఫొటోల్లో నన్ను ఇప్పటికీ మా వాళ్లు వేలు పెట్టి చూపిస్తారు.

ఇంకొకటి. వెనిగర్ అన్నారు చూశారూ, అక్కడ ఆగాను. రాగికి తడీ, ఆమ్లమూ కలిసి తగిలితే గొట్టం గోడలో చీమల పుట్టలా సన్నటి సొరంగాలు పడతాయి. పైకి సూదిమొన కూడా కనబడదు. మీ దాంట్లో అదే జరిగిందని ఇక్కడ కూర్చుని చెప్పలేను. ఇకమీదట మాత్రం మామూలు నీళ్లూ మెత్తటి బ్రష్షూ చాలు.

ఎడిసన్ బేస్‌మెంట్:

మేస్త్రి గారూ, రాత్రి పిల్లలు పడుకున్నాక మీరు చెప్పినట్టే చూశాను. బేస్‌మెంట్ 69 ఫారెన్‌హీట్ ఉంది, అంటే చలి వల్ల కాదు. ఇరవై నిమిషాలకి పైన ఎడమ పక్క రెండు వంపులకి సరిగ్గా ముగ్గు వేసినట్టు తెల్లగా మంచు. మూడోదాని నుంచీ పొడి. వేలు పెడితే గదిలాగే ఉంది. బయటికొచ్చే గాలిలో వెచ్చదనమే లేదు. ప్లగ్గుకి వాట్ల మీటరు కూడా పెట్టాను. స్టిక్కర్ మీద 510 వాట్లు, తీసుకుంటున్నది 290.

కింది వంపు దగ్గర రేకుల మీద దుమ్ము నల్లగా, జిడ్డుగా అంటుకుని ఉంది. మిగతా చోట్ల దుమ్ము పొడిగానే ఉంది. వెనిగర్ సీసా కూడా నేను పోసేది ఆ పక్కనుంచే.

ఆస్టిన్ ఏసీ:

ఆ జిడ్డు కంప్రెసర్ ఆయిల్ అన్నా. గ్యాస్‌తో పాటు అదీ బయటికొస్తుంది. కన్నం అక్కడే. మిషన్ బిల్లు దొరుకుతుందేమో చూడు. కొన్ని కంపెనీలు సీల్డ్ సిస్టమ్‌కి, అంటే గ్యాస్ తిరిగే కంప్రెసర్, కాయిళ్లు, గొట్టాలకి, ఐదేళ్లు వారంటీ ఇస్తాయి, మిగతా పార్టులకి ఏడాదే ఇచ్చినా సరే.

ఎడిసన్ బేస్‌మెంట్:

మా ఆవిడ ఈమెయిల్లో బిల్లు దొరికింది. మా దానికి రెండేళ్లేనట. కొత్తది ఆర్డర్ పెట్టేశాను, ఈసారిది ఆర్-32. పాతది శనివారం టౌన్ రీసైక్లింగ్ యార్డులో ఇస్తాను, గ్యాస్ వాళ్లే తీస్తామన్నారు. చీరలు మా ఆవిడ పైన బెడ్‌రూమ్‌లో ఆరబెట్టింది.

కాకినాడ ఫ్రిజ్ మేస్త్రి:

మంచిదండి. మా కొట్టుకొచ్చి ఉంటే ఆ వంపు కోసి కొత్తది అతికేవాణ్ణి, కాయిల్ రాగిదైతే. అల్యూమినియమైతే నేనూ దణ్ణం పెట్టేవాణ్ణి. కొత్తదాన్ని గోడకి ఆనించకండి, అన్ని వైపులా జానెడు చోటు వదలండి. శనివారం ఇచ్చేసే ముందు ఆ జిడ్డు మరక దగ్గరగా ఒక ఫొటో తీసి పెట్టండి. మా అబ్బాయి దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాళ్లు ఇద్దరున్నారు, వాళ్లకి చూపించాలి.