సేపా, యాపిలా, సీమరేగా?

(హనుమకొండ దగ్గర ప్రైమరీ స్కూల్ టీచర్)
అందరికీ నమస్తే. నేను చేసిన ఒక తప్పు చెప్పుకుని సలహా అడుగుదామని ఈ పోస్టు. రెండో తరగతి పిల్లలకు పండ్ల బొమ్మలిచ్చి పేర్లు రాయమన్నాను. ఒకమ్మాయి ఎర్ర పండు కింద 'సేపు' అని రాసింది. ఎర్ర పెన్నుతో కొట్టేసి 'యాపిల్' అని దిద్దాను. తెల్లారి నోట్‌బుక్ పట్టుకుని వాళ్ల నాయినమ్మ వచ్చింది. "సేపును సేపనక ఏమంటరు సారూ?" అంది. యాపిల్ అనాలమ్మా అన్నాను. ఎగాదిగా చూసి, "యాపపండా? గది చేదుంటది గద!" అంది.

మా దిక్కు వేపచెట్టు యాపచెట్టే. నా దగ్గర జవాబు లేదు. సేపు తెలుగు మాటేనా? పిల్లలకు ఏది నేర్పాలి?

(కరీంనగర్ నుంచి)
సార్, సేపు ఫారసీ (పర్షియన్) మాట 'సేబ్'. ఉర్దూ మీదుగా మన దాకా వచ్చింది, కన్నడంలోనూ సేబు అనే అంటారు. యాపిల్ ఇంగ్లీషు. రెండూ అప్పు తెచ్చుకున్నవే. కాకపోతే పాత అప్పుకు మన అచ్చు పడింది: చివర ఉకారం చేరి సేపు, సేపులు, సేపుకాయ అయింది. యాపిల్ మాత్రం ఇంకా పొల్లుతోనే తిరుగుతోంది. మరి ఏది ఎక్కువ తెలుగో మీరే చెప్పండి.

(జనగామ నుంచి)
రెండూ వద్దు. నిఘంటువుల్లో 'సీమరేగు' అని చక్కటి మాట ఉంది, అది నేర్పండి.

(జగిత్యాల నుంచి)
అన్నా, బండి దగ్గర నిలబడి "సీమరేగు కిలో ఎంత" అంటే సంక్రాంతికి రమ్మంటాడు! పైగా రేగుకూ దీనికీ దగ్గరి చుట్టరికం లేదు, ఇది గులాబీ కుటుంబం. అయితే ఆ పేరు పెట్టిన పద్ధతి నాకు నచ్చుతుంది. కొత్త పండు వస్తే ఇంట్లో ఉన్న పండు పేరు తీసుకుని ముందు 'సీమ' తగిలించడం. సీమచింత అట్లాంటిదే. చింత కాదు, ఎక్కడో మెక్సికో వైపు నుంచి వచ్చిన చెట్టు.

ఇంగ్లీషు వాళ్లదీ అదే పని. వాళ్ల ఇంటి పండు యాపిల్ కాబట్టి అనాస పైనాపిల్ అయింది, సీతాఫలం కస్టర్డ్ యాపిల్ అయింది. మా చిన్నోడు సీతాఫలం వలిచి, ఇందులో యాపిల్ ఏది అని గింజల మధ్య వెతికాడు.

(ఖమ్మం నుంచి, ఇప్పుడు హైదరాబాద్)
ఆపిల్ అని రాయాలా, యాపిల్ అనా? ఇది తేలక నాకు పదేళ్లుగా టెన్షన్.

(కరీంనగర్ నుంచి)
తేలదు మేడం. మేకను 'మ్యాక' అన్నప్పుడు పలికే అచ్చు అది. నోట్లో ఉంది, అక్షరమాలలో లేదు. బ్యాంకు, క్యాలెండర్‌లలో యకారం ఒత్తు పెట్టి నెట్టుకొస్తున్నాం. మాట మొదట్లోనే ఆ అచ్చు వస్తే ఒత్తు పెట్టడానికి హల్లే లేదాయె. అందుకే ఒకరు యా, ఒకరు ఆ. యా అని రాస్తే నాయినమ్మకు వేప వినబడుతుంది మరి.

(ఆసిఫాబాద్ నుంచి)
ఒక్క మాట సార్. సేపు అంటే కాశ్మీర్‌లో, సిమ్లాలో మాత్రమే పండుతుందని పిల్లలకు చెప్పకండి. మా జిల్లా కెరమెరి మండలం ధనోరాలో ఒక రైతు పండించారు, 2020లో ఆ పండ్లు పేపర్లకెక్కాయి. మామూలు రకాలకు చలికాలంలో చాలా గంటల చలి పడితేనే పూత వస్తుంది. ఆయన వేసిన హెచ్ఆర్ఎంఎన్-99 కొద్దిపాటి చలికే కాసే రకం. దాన్ని పుట్టించింది హిమాచల్‌లోని బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమన్ శర్మ.

(మళ్లీ హనుమకొండ టీచర్)
అందరికీ థ్యాంక్స్. నిన్న చౌరస్తాలో నాలుగు కాయలు కొని క్లాసుకు తీసుకుపోయాను. బోర్డు మీద సేపు, యాపిల్ రెండూ రాసి, ఇంట్లో ఏమంటారో అడిగాను. సగానికి పైగా సేపే.

తర్వాత ఒక కాయను తొడిమ నుంచి కిందికి కాకుండా అడ్డంగా కోశాను. నడుమ అయిదు రెక్కల చుక్క, ఒక్కో రెక్కలో నల్లటి గింజలు. పిల్లలు బెంచీలెక్కారు. వాళ్లు లెక్కపెట్టే లోపే ముక్క రంగు మారింది. "సారూ, చిలుము వట్టింది!" అన్నాడు వెనక బెంచీ పిల్లాడు. ఇనుముకు పట్టే చిలుము వేరు, ఇక్కడ పండులోని ఎంజైమ్ పని వేరు. కానీ రెండింటికీ గాలిలోని ఆక్సిజనే కావాలి కదా, వాడి మాట కొట్టెయ్యలేదు. ఈసారి ఎర్ర పెన్ను జేబులోనే ఉంది.

ఇంకో సందేహం మిగిలింది. గింజల చుట్టూ గోరులా గట్టిగా తగిలే పొర ఉంటుంది, తినేటప్పుడు ఉమ్మేస్తాం. దాని పేరు నాకు తట్టలేదు. సేపు అని రాసిన ఆ అమ్మాయే 'గింజల అర్ర' అంది. మా దిక్కు అర్ర అంటే ఇంట్లో గది. మీ దిక్కు దానికి పేరేమైనా ఉందా?