బెర్లిన్ నుంచి పారిస్‌కి అమ్మానాన్నలతో: విమానమా, రైలా?

అందరికీ నమస్కారం. వచ్చే నెల అమ్మానాన్న బెర్లిన్‌కి, నా దగ్గరకి వస్తున్నారు. వాళ్లకి పారిస్ చూపించాలని చాలా ఆశగా ఉంది. నేరుగా లెక్కేస్తే దూరం సుమారు 880 కిలోమీటర్లు, విమానంలో గంటా ముప్పావు. కానీ బెర్లిన్ ఎయిర్‌పోర్టు ఊరికి దూరంగా షోనెఫెల్డ్ వైపు ఉంది. అక్కడికి వెళ్లడం, చెకిన్, సెక్యూరిటీ, పారిస్‌లో దిగాక మళ్లీ ఊళ్లోకి ఆర్‌ఈఆర్ అనే లోకల్ రైలు, అన్నీ కలిపితే ఐదారు గంటలు పట్టేలా ఉంది. 2024 డిసెంబరులో మొదలైన డైరెక్ట్ హైస్పీడ్ రైలైతే ఎనిమిది గంటల్లో ఊరి మధ్యలోనే, గార్ ద లెస్త్ స్టేషన్‌లో దింపుతుంది.

అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఎక్కువ దూరం నడవలేదు, అలాగని అంతసేపు కూర్చోగలదా అన్నదే నా టెన్షన్. పెద్దవాళ్లని తీసుకుని ఈ రూట్‌లో వెళ్లినవాళ్లుంటే దయచేసి చెప్పండి. ఎయిర్‌పోర్టులో వీల్‌చెయిర్ ముందే అడిగితే విమానం తలుపు దాకా తీసుకెళ్తారా?