విదేశీ ఫిలిం ఫండ్‌కి అప్లై చేసే ముందు: హక్కుల కాగితం, బడ్జెట్, డబ్బు వచ్చే దారి

జాలారిపేట కుర్రోడు: అందరికీ నమస్కారం. మాది వైజాగ్‌లో చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. మత్స్యకారుల జీవితం మీద తెలుగు ఫీచర్ ఫిలిం, అచ్చయిన ఒక కథ ఆధారంగా. రచయిత సరే అన్నారు, కాగితం ఇంకా రాసుకోలేదు. రాటర్‌డామ్ ఫిలిం ఫెస్టివల్ వాళ్లు సినిమాలకి గ్రాంట్లిచ్చే హ్యూబర్ట్ బాల్స్ ఫండ్‌కి స్క్రిప్టు దశలోనే పంపుదామని ఉంది. బడ్జెట్ ఎలా వేయాలి? గ్రాంట్ వస్తే కంపెనీ ఖాతాలోకే తీసుకోవచ్చా? షూటింగ్ మే నెలలో అనుకుంటున్నాం.

రీలు డబ్బా: హ్యూబర్ట్ బాల్స్ స్క్రిప్టు, ప్రాజెక్టు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేది 10,000 యూరోలు. యూరో 90 రూపాయలు వేసుకుంటే 9 లక్షలు. రేటు ఎప్పుడూ కాస్త తగ్గించే వేసుకోండి, బ్యాంకు కోతలు కూడా ఉంటాయి. ఇది రచయిత ఫీజుకి, రీసెర్చికి, లొకేషన్లు చూసుకోవడానికి, స్క్రిప్టు కన్సల్టెంట్‌కి సరిపోయే డబ్బు. కెమెరా అద్దె ఇందులో రాస్తే చదివేవాళ్లకి మీరు దశ తెలియకుండా అడిగారని వెంటనే అర్థమైపోతుంది.

ఫ్రాన్స్ ప్రభుత్వ సినిమా సంస్థ సీఎన్‌సీ వాళ్ల ‘ఎయిడ్ ఓ సినెమా ద్యు మోండ్’ అనే ఫండ్‌కి ఫ్రెంచి కో-ప్రొడ్యూసర్ లేకుండా దారి లేదు. అలాంటి భాగస్వామిని వెతుక్కునే చోటు నవంబరులో గోవాలో ఇఫీ (భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవం)తో పాటు జరిగే ఫిలిం బజార్ (ఇప్పుడు వేవ్స్ ఫిలిం బజార్ అంటున్నారు), అక్కడి కో-ప్రొడక్షన్ మార్కెట్. డాక్యుమెంటరీ అయితే ఆమ్‌స్టర్‌డామ్ వాళ్ల ఇడ్ఫా బెర్తా ఫండ్ ఉంది. బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్‌కైతే ప్రపోజల్ తెలుగులోనే రాసి పంపొచ్చు. కేంద్రం ఇచ్చే కో-ప్రొడక్షన్ ప్రోత్సాహకాన్ని మాత్రం చేతిలో ఉన్న డబ్బుగా లెక్కేయకండి. అది ఖర్చు పెట్టి, ఆడిట్ అయ్యాక తిరిగొచ్చేది.

సంపెంగ: రచయితతో కాగితం లేకుండా అసలు పంపకండి. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లో రాయకపోతే 5 ఏళ్లే. ఏ ప్రాంతమో రాయకపోతే ఇండియా వరకే. స్క్రిప్టుకి రెండేళ్లు, డబ్బు కూడడానికి రెండేళ్లు, ఫెస్టివల్ అయ్యి అమ్ముకునే వేళకి ఆ ఐదేళ్లూ అయిపోతాయి. ఇండియా వరకే ఉన్న హక్కుతో విదేశీ భాగస్వామి దగ్గరికి వెళ్లి లాభం లేదు.

‘ప్రపంచవ్యాప్తంగా, అన్ని భాషల్లో, థియేటర్, టీవీ, ఓటీటీ సహా’ అని విడివిడిగా రాయించండి. కాలపరిమితి అంకెల్లో వేయండి. రచయితకి ఎంత ఇస్తున్నారో కూడా అందులోనే ఉండాలి. స్క్రిప్టు డ్రాఫ్టుని కాపీరైట్ ఆఫీసులో సాహిత్య రచనగా రిజిస్టర్ చేస్తే ఫీజు 500 రూపాయలు. దానికి అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాలి కాబట్టి గడువు వారంలో మొదలెట్టే పని కాదు.

చార్టర్డ్ చూపు: ఖాతా సంగతి. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. విదేశం నుంచి ప్రతిఫలం లేకుండా వచ్చే డబ్బు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద విదేశీ విరాళం అవుతుంది. అలా అయితే హోం శాఖ ముందస్తు అనుమతి కావాలి, డబ్బు ఢిల్లీలో ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాలోకే రావాలి. మామూలు కరెంట్ ఖాతాలో పడితే తప్పు మీదే.

వ్యాపారంలో భాగంగా చేసిన సేవకో, ఇచ్చిన హక్కుకో వచ్చే ఫీజు విరాళం కిందకి రాదు. అందుకే అగ్రిమెంటులో వాళ్లు దేనికిస్తున్నారు, బదులుగా మీరు ఏమిస్తున్నారు అన్నది చదవండి. నిజంగా ప్రతిఫలం ఉంటే ఇన్‌వాయిస్ రాయండి, బ్యాంకులో పర్పస్ కోడ్ (డబ్బు దేనికొచ్చిందో చెప్పే కోడ్) పీ1101 చెప్పండి. ఆడియో విజువల్ సేవల కోడ్ అదే. ప్రతిఫలం లేని గ్రాంటుకి ఉత్తుత్తి ఇన్‌వాయిస్ రాసి నెట్టేద్దామనుకోవద్దు, గ్రాంట్ లెటరే మీకు అడ్డం తిరుగుతుంది. సంతకానికి ముందే ఎఫ్‌సీఆర్‌ఏ తెలిసిన సీఏకి చూపించండి. జీఎస్టీ రిటర్నులు వేసే ఆయనకి ఇది తెలిసుండాలని లేదు.

జాలారిపేట కుర్రోడు: మా మెమొరాండంలో (కంపెనీ ఏ పనులు చేస్తుందో రాసుకున్న పత్రంలో) సినిమాలతో పాటు ‘వార్తా కార్యక్రమాలు’ అని కూడా ఉంది. యూట్యూబ్‌లో లోకల్ న్యూస్ పెడుతున్నాం. పర్వాలేదా?

చార్టర్డ్ చూపు: పర్వా ఉంది. వార్తలు, వర్తమాన వ్యవహారాల ఆడియో విజువల్ కార్యక్రమాలు తీసే కంపెనీ విదేశీ విరాళం తీసుకోవడమే ఎఫ్‌సీఆర్‌ఏ 3వ సెక్షన్ కింద నిషేధం. న్యూస్‌ని వేరే సంస్థకి మార్చేయండి. మెమొరాండం మార్చాలంటే వాటాదారుల స్పెషల్ రిజల్యూషన్ కావాలి, 30 రోజుల్లో కంపెనీల రిజిస్ట్రార్‌కి ఎంజీటీ-14 ఫారం వేయాలి. కాగితం మీద ఆ లైను కొట్టేసి, ఛానల్ మాత్రం అదే కంపెనీ పేరుతో నడిపితే ఏం లాభం?

రీలు డబ్బా: బడ్జెట్, మే నెల. ‘బోట్లు – 4 లక్షలు’ అని ఒక్క లైను రాయకండి. రోజు అద్దె ఇంటూ రోజులు, డీజిల్ లీటర్లు, సరంగు (బోటు నడిపేవాడు), కలాసీల కూలి, లైఫ్ జాకెట్లు, కెమెరా కోసం రెండో బోటు, ఇన్సూరెన్సు అన్నీ విడివిడిగా వేయండి. గాలివాటం చూసి ఒకటి రెండు ఖాళీ రోజులు కూడా. మొత్తం మీద 10 శాతం కంటింజెన్సీ, అంటే అనుకోని ఖర్చులకి.

మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకి వేట నిషేధం. మేలో ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ వరసగా కట్టేసి ఉంటాయి. వలలు బాగుచేసుకునే సీన్లకి అంతకన్నా మంచి కాలం లేదు గానీ నడిసంద్రంలో వేట సీన్లు కుదరవు. షెడ్యూల్ రెండు ముక్కలు చేయండి: హార్బర్ మేలో, సముద్రం జూన్ 15 తర్వాత. హార్బర్‌కి పోర్టు అథారిటీ అనుమతి కావాలి. బడ్జెట్‌లో డ్రోన్ ఖర్చు అనుమతి లేకుండా వేయకండి, మన ఎయిర్‌పోర్టు నేవీది. పిల్లలు నటిస్తుంటే కలెక్టర్ అనుమతి, రోజుకి 5 గంటలకి మించకూడదు, వాళ్ల ఆదాయంలో 20 శాతం బ్యాంకులో డిపాజిట్ చేయాలి. అది కూడా బడ్జెట్‌లో కనబడాలి.

ఫైనాన్స్ ప్లాన్‌లో ‘చేతికొచ్చింది’, ‘అడిగాం’, ‘వాయిదా పారితోషికం’ (తర్వాత తీసుకుంటామన్న ఫీజు) వేరువేరుగా చూపించండి. డైరెక్టరు తీసుకోకుండా వదిలేసిన ఫీజుని నగదు కింద కలిపేస్తుంటారు, అది ఇట్టే దొరికిపోతుంది. ఫైనాన్స్ ప్లాన్ మొత్తం, బడ్జెట్ మొత్తం రూపాయితో సహా కలవాలి.

జాలారిపేట కుర్రోడు: రచయితతో ఈ వారమే సంతకం పెట్టించేస్తాను. ఐదేళ్లు కాకుండా పదిహేనేళ్లు రాస్తే చాలా?

సంపెంగ: ఇంకో లైను కూడా కావాలి. హక్కు తీసుకున్న ఏడాదిలోపు వాడకపోతే, అగ్రిమెంటులో వేరేలా రాసి ఉంటే తప్ప, ఆ హక్కు రద్దయిపోతుంది. అదీ 19వ సెక్షన్‌లోదే, 4వ ఉపసెక్షన్. ‘19(4) వర్తించదు’ అని విడిగా రాయించి, ఆ పేజీలో కూడా ఇద్దరూ సంతకం పెట్టండి.