చెయిర్‌లిఫ్ట్ సెకనుకు 5 మీటర్లు వెళ్తుందంటారు, నా లెక్కలో సగం కూడా రావడం లేదు. ఎక్కడ తప్పుతున్నాను?

తెల్లబాట:
నమస్కారం. సాయంత్రం ఆరింటికి కూర్చున్నాను, ఇప్పుడు పదిన్నర. ఒక చిన్న భాగహారం కుదరక ఇంకా కాగితాలు నలుపుతూనే ఉన్నాను. మేమున్న స్కీ రిసార్ట్‌లో చెయిర్‌లిఫ్ట్ పొడవు 1,380 మీటర్లని బోర్డు మీద రాసి ఉంది. చెయిర్‌లిఫ్టులు సెకనుకు 5 మీటర్ల వేగంతో నడుస్తాయని నేను చదివిన ప్రతిచోటా ఉంది. అంటే 276 సెకన్లు. అయిదు నిమిషాల లోపే పైకి చేరాలి. ఈ రోజు మూడుసార్లు ఎక్కి గడియారం చూసుకున్నాను. మూడుసార్లూ పది నిమిషాలే పట్టింది. దారిలో ఒక్కసారి కూడా ఆగలేదు. ఫోనేమో గంటకు 8 కిలోమీటర్లని చూపిస్తోంది. ఫోను తప్పా, బోర్డు తప్పా, లేక లిఫ్టును కావాలనే సగం వేగంతో నడుపుతున్నారా?

గొండోలాదీ, అంటే తలుపులున్న క్యాబిన్లలో కూర్చుని వెళ్లే లిఫ్టుదీ, ఇదే గొడవ. పొడవు 2,400 మీటర్లు, వేగం సెకనుకు 6 మీటర్లు. 400 సెకన్లలో చేరాలి. నాకు పట్టింది 9 నిమిషాల 20 సెకన్లు. ఎల్లుండి 22 మంది పిల్లలను తీసుకెళ్తున్నాం. ఏ జట్టు ఎన్నింటికి పైన ఉంటుందో పట్టిక వేసి ఇవ్వాల్సింది నేనే. పట్టిక తప్పితే పైన ఎదురుచూసే శిక్షకులు గాలిలో, చలిలో నిలబడాలి. అసలు వేగం ఎంతో ఎవరైనా చెప్పండి, దయచేసి.

రెండుముక్కలు:
ఏ రకం లిఫ్ట్?

తెల్లబాట:
చెయిర్‌లిఫ్ట్ అని రాశాను కదండీ. కుర్చీలు, తాడు, టవర్లు. అన్నిచోట్లా ఉండేదే.

రెండుముక్కలు:
అన్నిచోట్లా ఒకే రకం ఉండదు.

గేర్‌పెట్టె:
వేగం గురించి ఇంత ఆందోళన అనవసరం. ఈ విషయం మీద నేను ఎన్నోసార్లు రాశాను, మళ్లీ రాస్తున్నాను. లిఫ్ట్ సామర్థ్యాన్ని తేల్చేది వేగం కాదు, ఒక కుర్చీకీ తర్వాతి కుర్చీకీ మధ్య ఉండే వ్యవధి. ఆరు సెకన్లకు ఒక నాలుగు సీట్ల కుర్చీ వస్తే గంటకు 600 కుర్చీలు, 2,400 మంది. తాడు సెకనుకు 2 మీటర్లు కదిలినా, 5 మీటర్లు కదిలినా ఆ సంఖ్య మారదు. వేగం పెంచినప్పుడు కుర్చీలను అంతకంత దూరంగా తగిలిస్తారు, అంతే. వేగమైన లిఫ్ట్ పెట్టగానే కింద వరుస కరిగిపోతుందని జనం అనుకుంటారు. కరగదు. పైగా పైకి చేరినవాళ్లు త్వరగా దిగి వచ్చి మళ్లీ అదే వరుసలో నిలబడతారు. కాబట్టి మీరు కొలవాల్సింది వ్యవధిని.

తెల్లబాట:
గేర్‌పెట్టె గారూ, ఇది తెలియని విషయమే, సంతోషం. కానీ నా ప్రశ్న వరుస గురించి కాదు. ఎక్కిన పిల్లవాడు పైన ఎప్పుడు దిగుతాడన్నది నా ప్రశ్న.

నిఘంటువు:
ముందు మాటలు సరిచూసుకుందాం. తాడు అంటున్నారు. అది ఉక్కు తీగలను పేని చేసిన మోకు. తాడు అంటే నార గుర్తొస్తుంది, తీగ అంటే ఒంటి పోగు. ఈ పనికి మోకు అన్నదే తగిన మాట. రోప్‌వే, కేబుల్ కార్, గొండోలా మూడింటినీ ఒకదాని బదులు ఒకటి వాడేయడం వల్లనే ఇలాంటి లెక్కలు తప్పుతున్నాయి. రోప్‌వే అన్నది మొత్తం జాతి పేరు. చెయిర్‌లిఫ్టూ గొండోలా అందులోని రకాలు.

మంచుపిట్ట:
తెల్లబాట గారూ, నేను రెండు శీతకాలాలు లిఫ్ట్ దగ్గర జనాన్ని ఎక్కించే పని చేశాను. ఒకటి చెప్పండి. కుర్చీ స్టేషన్‌లోకి వచ్చాక బాగా నెమ్మదిస్తుందా, లేక అదే ఊపులో వచ్చి మోకాళ్ల వెనక తగులుతుందా? ఒక కుర్చీలో ఎంతమంది కూర్చుంటారు?

తెల్లబాట:
ఇద్దరు. నెమ్మదించదు. పెద్ద చక్రం చుట్టూ తిరిగి నేరుగా వచ్చేస్తుంది, పక్కన నిలబడిన మనిషి దాన్ని చేత్తో పట్టి ఆపినట్టు చేస్తాడు. ఇది ముఖ్యమని నాకు తట్టలేదు.

మంచుపిట్ట:
అదే అసలు సంగతి. కుర్చీని మోకుకు తగిలించే బిగింపును పట్టు అంటారు. మీరు ఎక్కింది ఆ పట్టు మోకుకు శాశ్వతంగా బిగించి ఉండే రకం. మోకు ఎంత వేగంతో కదిలితే కుర్చీ అంత వేగంతోనే మీ దగ్గరికి వస్తుంది. నిలబడి ఉన్న మనిషిని సెకనుకు 5 మీటర్లతో వచ్చే కుర్చీ తాకితే కాళ్లు విరుగుతాయి. అందుకే ఈ రకాన్ని సెకనుకు 2 నుంచి 2.5 మీటర్ల మధ్య నడుపుతారు. ఎక్కే చోట కదిలే బెల్టు పరిచి ఉంటే కొంచెం ఎక్కువ నడపవచ్చు, ఎందుకంటే బెల్టు మనిషిని కూడా ముందుకు తీసుకెళ్తుంది, కుర్చీకీ అతనికీ తేడా తగ్గుతుంది.

మీ 1,380 మీటర్లను 600 సెకన్లతో భాగించండి. 2.3 వస్తుంది. గంటకు 8.3 కిలోమీటర్లు. మీ ఫోను సరిగ్గానే చెప్పింది, బోర్డూ సరిగ్గానే చెప్పింది. ఎవరూ సగం వేగంతో నడపడం లేదు, ఆ లిఫ్ట్‌కు అదే పూర్తి వేగం.

మీరు చదివిన 5 మీటర్లు రెండో రకానిది. అందులో పట్టు విడిపోతుంది. స్టేషన్‌లోకి రాగానే కుర్చీ మోకును వదిలి పట్టాల మీదికి ఎక్కుతుంది. వరుసగా ఉన్న రబ్బరు టైర్లు దాని ఊపు తగ్గిస్తాయి. మనుషులు నిదానంగా కూర్చున్నాక మళ్లీ టైర్లే వేగం పెంచి, మోకు వేగానికి సమానం కాగానే పట్టు మూసుకుంటుంది. బయట సెకనుకు 5 మీటర్లు, కొన్నిచోట్ల 6. లోపల మాత్రం మనిషి నడక కన్నా తక్కువ.

గేర్‌పెట్టె:
ఇందులో చరిత్ర కూడా ఉంది. మొట్టమొదటి చెయిర్‌లిఫ్ట్ 1936లో అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో, సన్ వ్యాలీలో మొదలైంది. దాన్ని ఆలోచించిన జేమ్స్ కుర్రన్ యూనియన్ పసిఫిక్ రైల్వే ఇంజినీరు. అంతకుముందు ఓడల్లోకి అరటి గెలలు ఎక్కించే యంత్రాల మీద పనిచేసినవాడు. కొక్కేనికి గెల తగిలినప్పుడు మనిషి ఎందుకు కూర్చోకూడదన్నది ఆయన ఆలోచన. ఎంత వేగంతో వస్తే మనిషి ఓర్చుకోగలడో తెలుసుకోవడానికి లారీకి కుర్చీ కట్టి, చక్రాల బూట్లు వేసుకున్న మనిషిని దానితో ఎత్తించి చూశారు. ఆ పరీక్షలో తేలిన హద్దుకు దగ్గరలోనే ఇప్పటికీ బిగింపు పట్టు లిఫ్టులు నడుస్తాయి. మోటారు ఎంత పెద్దదైనా మన మోకాళ్లు మారవు కదా. ఆ హద్దును దాటడానికే విడిపోయే పట్టు వచ్చింది. నాలుగు సీట్ల కుర్చీలతో అలాంటి మొదటి హై-స్పీడ్ లిఫ్ట్ 1981లో కొలరాడోలోని బ్రెకెన్‌రిడ్జ్‌లో నడిచింది.

నిఘంటువు:
బిగింపు పట్టు, విడిపోయే పట్టు అని సాగదీయడం ఎందుకు? బిగిపట్టు, విడిపట్టు అంటే సరిపోతుంది.

రెండుముక్కలు:
విడిపట్టు అంటే పట్టు ఊడిపోయిందనుకుంటారు. పిల్లల తల్లిదండ్రులకు ఆ మాట చెప్పకండి.

నిఘంటువు:
ఊడడం వేరు, విడవడం వేరు. విడిది, విడుదల, విడివడి అన్న మాటల్లో ప్రమాదం ఎక్కడుంది? మనకు మాట లేదని ఫిక్స్‌డ్ గ్రిప్, డిటాచబుల్ అని రాసుకుంటూ పోతే ఎప్పటికీ ఉండదు.

గేర్‌పెట్టె:
రిసార్ట్ బోర్డుల మీద ఉండేవి ఆ మాటలే. అక్కడ నిలబడి విడిపట్టు ఏదని అడిగితే జవాబు దొరకదు. మాటల కన్నా కొలతలే ఎక్కువ తికమక పెడతాయి. అమెరికాలో నిమిషానికి ఇన్ని అడుగులని రాస్తారు, ఐరోపాలో సెకనుకు ఇన్ని మీటర్లని. 1,000 అడుగులంటే సెకనుకు దాదాపు 5.1 మీటర్లు. 450 అడుగులంటే 2.3. రెండూ కలిపి చదివితే ఎవరికైనా లెక్క తప్పుతుంది.

తెల్లబాట:
చెయిర్‌లిఫ్ట్ తేలిపోయింది, మంచుపిట్ట గారికి కృతజ్ఞతలు. నాలుగు గంటలు వృథా అయ్యాయన్న బాధ మాత్రం ఉంది. గొండోలా సంగతి? దానిది విడిపోయే పట్టే, తలుపులు తెరుచుకుని నెమ్మదిగా తిరుగుతాయి. మరి 6 మీటర్ల లెక్క ఎందుకు కుదరడం లేదు?

గేర్‌పెట్టె:
2,400 ఎక్కడిది? బోర్డు మీదిదా, మ్యాపులో కొలిచారా?

తెల్లబాట:
మ్యాపులో కొలిచాను. కింది స్టేషన్ నుంచి పై స్టేషన్‌కు తిన్నగా.

గేర్‌పెట్టె:
అదిగో. మ్యాపు వాలును చూపదు, నేల మీది దూరాన్నే చూపుతుంది. మోకు వాలు మీద పోతుంది. పై స్టేషన్ ఎంత ఎత్తులో ఉంది?

తెల్లబాట:
కింది దానికన్నా 700 మీటర్లు పైన.

గేర్‌పెట్టె:
2,400 వర్గం, 700 వర్గం కలిపి వర్గమూలం తీయండి. సరిగ్గా 2,500. టవర్ల మధ్య మోకు కిందికి వంగుతుంది కాబట్టి ఇంకో పిసరు ఎక్కువ. మ్యాపు మీద కొలిచి లిఫ్టును తప్పుపట్టేవాళ్లను ఎంతమందిని చూశానో.

రెండుముక్కలు:
100 మీటర్లకు 17 సెకన్లు. తెల్లబాట గారికి లెక్క తేలాల్సింది 160 సెకన్లు.

మంచుపిట్ట:
రెండుముక్కలు గారు చెప్పింది నిజం, వాలు వల్ల వచ్చే తేడా చిన్నది. తెల్లబాట గారూ, గడియారం ఎప్పుడు నొక్కారు? క్యాబిన్‌లో కూర్చోగానేనా, స్టేషన్ దాటాకా? మధ్యలో ఇంకో స్టేషన్ ఏమైనా ఉందా?

తెల్లబాట:
కూర్చోగానే నొక్కాను, పైన దిగాక ఆపాను. మధ్యలో ఒక స్టేషన్ ఉంది, కానీ మేం అక్కడ దిగం, క్యాబిన్ అలాగే ముందుకు వెళ్తుంది. అందుకే రాయలేదు.

మంచుపిట్ట:
మీరు దిగకపోయినా క్యాబిన్ మోకును వదులుతుంది, టైర్ల మీద నిదానంగా పాకుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. 2,500ను 6తో భాగిస్తే 417 సెకన్లు. మీకు పట్టింది 560. మిగిలిన 143 సెకన్లు మూడు స్టేషన్లలో పోయాయి. కింద తలుపు మూసుకునేదాకా కొంత, మధ్యలో దాదాపు నిమిషం, పైన తలుపు తెరుచుకునేదాకా కొంత. వేగంలో తప్పేమీ లేదు. ఈ విషయంలో కశ్మీర్‌లోని గుల్మార్గ్ గొండోలా వేరు. అక్కడ రెండు దశలూ రెండు వేర్వేరు లైన్లు, మధ్యలో దిగి మళ్లీ ఎక్కాలి.

పెద్ద గొండోలాల్లోనూ ఇదే తేడా కనిపిస్తుంది. కెనడాలోని విస్లర్‌లో రెండు కొండలను కలిపే పీక్ 2 పీక్ 2008లో మొదలైంది. పొడవు 4.4 కిలోమీటర్లు, వేగం సెకనుకు 7.5 మీటర్లు. భాగిస్తే పది నిమిషాలకు కాస్త తక్కువ. ప్రయాణం మాత్రం 11 నిమిషాలని చెబుతారు.

గేర్‌పెట్టె:
పీక్ 2 పీక్ మామూలు గొండోలా కాదు. క్యాబిన్ చక్రాలు రెండు స్థిరమైన మోకుల మీద దొర్లుతాయి, మూడోది లాగుతుంది. అందుకే అంత వేగం. టవర్లు లేకుండా ఒకేచోట 3 కిలోమీటర్లకు పైగా వేలాడుతుంది. ఇక రెండు పెద్ద క్యాబిన్లు ఒకటి ఎక్కుతుంటే ఒకటి దిగే ట్రామ్‌లు ఇంకా వేగం, సెకనుకు 12 మీటర్ల దాకా. స్టేషన్ చేరాక క్యాబిన్ పూర్తిగా ఆగుతుంది కాబట్టి ఎక్కేవాళ్లతో పేచీ లేదు.

నిఘంటువు:
ట్రామ్ అంటే వీధిలో పట్టాల మీద పోయే బండి అనుకుంటారు. దీన్ని కేబుల్ కార్ అనాలి.

గేర్‌పెట్టె:
శాన్ ఫ్రాన్సిస్కోలో కేబుల్ కార్ కూడా వీధిలో పట్టాల మీదే పోతుంది.

తెల్లబాట:
అయ్యా, ఈ చర్చ తర్వాత పెట్టుకోండి, నాకు పట్టిక మిగిలే ఉంది. చెయిర్‌లిఫ్ట్‌కు పది నిమిషాలని రాయనా?

మంచుపిట్ట:
రాయకండి. ఈ రోజు ఆగకపోవడం మీ అదృష్టం. పిల్లలు ఎక్కేటప్పుడు ఆపరేటర్ వేగం తగ్గిస్తాడు, తగ్గించమని మీరే అడగాలి కూడా. ఎవరైనా ఎక్కే చోట పడితే పూర్తిగా ఆపుతాడు. బిగింపు పట్టు లిఫ్టులో అందరూ ఒకే మోకు మీద ఉంటారు. కింద ఒకరి కోసం తగ్గిస్తే పైన ఉన్నవాళ్లకూ తగ్గుతుంది. గాలి ఎక్కువైనా తగ్గిస్తారు. పట్టికలో 14 నిమిషాలు రాయండి. పిల్లలను తొందరపెట్టే పట్టిక మాత్రం వద్దు. గాభరాలోనే ఎక్కే చోట పడతారు, నా కళ్లతో ఎన్నోసార్లు చూశాను.

గేర్‌పెట్టె:
ఇప్పుడు నేను మొదట చెప్పిన వ్యవధి పనికొస్తుంది. ఆరు సెకన్లకు ఒక కుర్చీ అనుకుంటే 11 కుర్చీలు, మొదటి జంటకూ చివరి జంటకూ మధ్య ఒక నిమిషమే తేడా. ఒక్కో కుర్చీకి ఒక పెద్ద మనిషిని కూర్చోబెడితే కుర్చీలు 22 అవుతాయి, రెండు నిమిషాలు దాటుతుంది.

తెల్లబాట:
చెయిర్‌లిఫ్ట్‌కు 14, గొండోలాకు 11 వేశాను. పట్టిక అయిపోయింది. అందరికీ కృతజ్ఞతలు, పడుకుంటాను.

మంచుపిట్ట:
ఆ 22 మందిలో మొదటిసారి ఎక్కేవాళ్లు ఎంతమంది? అది చెప్పలేదు మీరు. ఎక్కువమంది ఉంటే 14 కూడా చాలదు.

నిఘంటువు:
కేబుల్ కార్ సంగతి ఇంకా తేలలేదు.