డిగ్రీ ప్రాజెక్టు: డిప్రెషన్ సర్వేకి ఎంతమంది కావాలి?

ప్రశ్న: కాలేజీలో 600 మందిమి. పీహెచ్‌క్యూ-9తో (డిప్రెషన్ లక్షణాలపై తొమ్మిది ప్రశ్నల ఫారం) సర్వే చేయాలి. 385 మంది తప్పనిసరా? ఎథిక్స్ కమిటీ అనుమతి సర్వే అయ్యాక తీసుకోవచ్చా?

జవాబు 1: 385 అనేది పెద్ద జనాభాకి (95 శాతం కాన్ఫిడెన్స్, అంటే ఫలితం మీద నమ్మకం; 5 శాతం ఎర్రర్, అంటే అటూ ఇటూ ఉండే తేడా). 600కి సవరిస్తే 385ని 1.64తో (1 + 384/600) భాగించాలి, అంటే 235. ఐదో వంతు జవాబివ్వరనుకుని 294 మందికి పంపండి. రోల్ లిస్టు నుంచి ర్యాండమ్‌గా తీయండి. వాట్సాప్ గ్రూపులో లింకు పడేస్తే ఇష్టమున్నవాళ్లే నింపుతారు, ఈ లెక్కంతా దండగే.

జవాబు 2: అనుమతి సర్వేకి ముందే చేతికి రావాలి. అసలు చిక్కు 9వ ప్రశ్న. అది చనిపోవాలన్న, తనను తాను గాయపరచుకోవాలన్న ఆలోచనల గురించి. పేర్లు లేని సర్వేలో ఎవరు ‘అవును’ అన్నారో మీకు తెలీదు కదా, అందుకే హెల్ప్‌లైన్ నంబరు ఫారంలోనే పెట్టండి. ఈమెయిల్ సేకరణ ఆపారో లేదో కూడా చూసుకోండి.

జవాబు 3: స్కోరు 10 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే ‘డిప్రెషన్ ఉంది’ అని రాసేయకండి. అది స్క్రీనింగే, రోగనిర్ధారణ కాదు.